పొగగొట్టంలో ఏడు ఇటుకలు

హాలోవే ప్లెయిన్స్, మెయిన్ రాష్ట్రం
ఆగస్టు 6, 1979

చిరంజీవి రేనాల్డ్ వెలెట్‌కు ఆల్మైరా గ్రాండెల్ ఆశీస్సులు.

నువ్వు బంగాళాదుంపల గిడ్డంగిలో పని మానేసి, పొగగొట్టాలు శుభ్రం చేసే పని నేర్చుకుని, సొంతంగా మొదలుపెట్టావని పోస్టాఫీసులో విన్నాను. ఏడో తరగతిలో నువ్వు కిటికీ పక్కన కూర్చుని, నా పాఠం వదిలేసి, ఎదురింటి కప్పు ఎక్కిన మనిషిని చూస్తూ ఉండేవాడివి. అందుకు నిన్ను రెండుసార్లు మూలన నిలబెట్టాను. ఆ చూపు ఊరికే పోలేదని ఇప్పుడు తెలిసింది.

మా పొగగొట్టం శుభ్రం చేయాలి. ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకు రాస్తున్నానంటే, మా టెలిఫోను లైను మీద ఆరిళ్ళు ఉన్నాయి. అందులో ఒకటి మా చెల్లెలు తిర్జాది. నేను రిసీవరు ఎత్తగానే ఆమె కూడా ఎత్తుతుంది. ఊపిరి బిగబట్టి వింటుంది గాని, ఆమె వంటింటి గడియారం ఊపిరి బిగబట్టలేదు.

మా నాన్న ఈ ఇంటికి మధ్యలో గోడ పెట్టించి తూర్పు సగం నాకు, పడమటి సగం తిర్జాకు ఇచ్చాడు. పొగగొట్టం మాత్రం ఒకటే, ఆ నడిమి గోడలో ఉంది. దాని లోపల ఒక ఇటుక మందాన అడ్డుగోడ కట్టి రెండు పొగదారులు చేశారు. తూర్పుది నాది. పడమటిది ఆమెది. తిర్జాకూ నాకూ పంతొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. రైతుసంఘం హాలు విందులో నేను వండిన చిక్కుడుగింజల కుండను పాస్టరుగారు ఆమెదనుకుని మెచ్చుకుంటే, ఆమె తల వంచుకుని "ఏదో నాకు చేతనైనట్టు" అంది. నేను ఆమె పక్కనే నిలబడి ఉన్నాను.

కాబట్టి నీ బ్రష్షు నా దారిలోనే దిగాలి. ఆమె దారిలోని మసి చిటికెడు కూడా కదలకూడదు.

పోయిన చలికాలం అక్టోబరు 3 నుంచి మే 11 వరకు నేను కాల్చిన కట్టెల లెక్క జతచేశాను. దాని ప్రకారం రెండున్నర బకెట్ల మసి రావాలి. అంతకంటే ఎక్కువ వస్తే కారణం రాయి.

నీ మేలు కోరే
ఆల్మైరా గ్రాండెల్

తా.క. బూట్లు వరండాలోనే విప్పు. మేజోళ్ళకు చిల్లులుంటే వేరే జత తెచ్చుకో.


సెయింట్ ఆరెల్
ఆగస్టు 19, 1979

పూజ్యులైన గ్రాండెల్ టీచర్ గారికి రేనాల్డ్ నమస్కారాలు.

నిన్న శనివారం మీరు చర్చి కుట్టుపని బృందానికి వెళ్ళినప్పుడు వచ్చి పని పూర్తి చేశాను. మీ మనవరాలు తలుపు తీసింది. నాలుగు బకెట్ల మసి వచ్చింది. కారణం రాయమన్నారు, రాస్తున్నాను. దయచేసి నిదానంగా చదవండి.

అద్దం, టార్చిలైటు పెట్టి లోపల చూశాను. అడ్డుగోడలో ఏడు ఇటుకలు లేవు. మేడ మీద పడకగదుల్లో మీ నాన్నగారి కాలంలో చిన్న పొయ్యిలు ఉండేవి కదా, వాటి గొట్టం దూర్చే కంతలు ఇప్పటికీ ఉన్నాయి. మీ గదిలో కంతకు గులాబీల బొమ్మ ఉన్న రేకు మూత, తిర్జా గారి గదిలో కంతకు పడవ బొమ్మ ఉన్న రేకు మూత. సరిగ్గా ఆ రెండు కంతల మధ్యే ఇటుకలు పోయాయి. అందువల్ల మీ పొగ ఆవిడ దారిలోకీ ఆవిడ పొగ మీ దారిలోకీ పోతోంది. మసి కూడా కలిసిపోయింది. ఎవరి మసి ఎంతో నేను చెప్పలేను.

ఒక్కటి మాత్రం నాకు అర్థం కాలేదు. పడిపోయిన ఇటుకలు అడుగున ఉండాలి. అడుగున ఒక్క ముక్క కూడా లేదు.

గోడ మళ్ళీ కట్టేదాకా ఏ పొయ్యీ వెలిగించకూడదు. రెండు పొయ్యిల తలుపులకూ ఎర్ర చీటీలు కట్టాను. అడ్డుగోడ ఇద్దరిదీ కాబట్టి ఇద్దరి సంతకాలూ కావాలి. సెప్టెంబరులో చేసేస్తే చలి ముదిరేలోపు మీరిద్దరూ పొయ్యి వెలిగించుకోవచ్చు. ఇల్లు వేడిచేసే నూనె ధర ఇలా మండిపోతుంటే కట్టెలు తప్ప మీకు వేరే దారి లేదని నాకు తెలుసు.

విధేయుడు
రేనాల్డ్ వెలెట్

తా.క. చీటీ కట్టడానికి వెళ్తే తిర్జా గారు కూడా బూట్లు విప్పమన్నారు. మేజోళ్ళ సంగతీ అడిగారు. అప్పటికే వేరే జత వేసుకుని ఉన్నాను.


హాలోవే ప్లెయిన్స్
ఆగస్టు 22, 1979

చిరంజీవి రేనాల్డ్‌కు ఆశీస్సులు.

ఎవరి మసి ఎంతో చెప్పలేనని రాశావు. తీసివేతలు నీకు రెండో తరగతిలోనే నేర్పారు. వచ్చింది నాలుగు బకెట్లు. నాది రెండున్నర. మిగిలిన ఒకటిన్నర తిర్జాది. ఆమె మసి నా ఇంటి తలుపులోంచి బయటికి పోవడం నాకిష్టం లేదు. ఆమెది ఆమెకు చేర్చు.

గోడ విషయం ఆలోచించి చెబుతాను. ఇటుకలు లేవని నువ్వు అద్దంలో చూసి అంటున్నావు. అద్దంలో కుడి ఎడమవుతుంది. తొందరేమీ లేదు. ఇంకా ఆగస్టు నెలే.

ఆల్మైరా గ్రాండెల్

తా.క. మనవరాలు నీకు నిమ్మకాయ రసం ఇచ్చానని చెప్పింది. గ్లాసు మీద ఐదు వేళ్ళ ముద్రలు ఉన్నాయి. కడిగినా పోలేదు. పరవాలేదు.


సెయింట్ ఆరెల్
ఆగస్టు 29, 1979

టీచర్ గారికి నమస్కారాలు.

మీరు చెప్పినట్టే ఒకటిన్నర బకెట్ల మసి తీసుకెళ్ళి తిర్జా గారి వరండాలో పెట్టాను. ఆవిడ బయటికి వచ్చారు.

"ఏంట్రా ఇది?"

"మీ మసి అండి. అక్కగారు పంపించారు."

"పంతొమ్మిదేళ్ళ తరవాత అక్క నాకు పంపిన వస్తువు ఇదా?"

ఇలా అని ఆవిడ లోపలికి వెళ్ళి పిండి కొలిచే డబ్బా తెచ్చారు. వరండాలో పాత దినపత్రిక పరిచి, ఆ మసి అంతా డబ్బాతో కొలిచారు. మధ్యలో రెండు సార్లు లెక్క తప్పి మళ్ళీ మొదటి నుంచి కొలిచారు. చివరికి ఒక బకెట్ తనదని ఒప్పుకుని, అర బకెట్ నాకు తిరిగి ఇచ్చారు.

"నేను బాగా ఎండిన మేపుల్ కట్టె తప్ప వేయను. ఈ నిగనిగలాడే జిగురు మసి చూడు, ఇది స్ప్రూస్ కట్టెది. మా అక్క మార్చి నెలలో మంచి కట్టె అయిపోయి, చెప్పకుండా స్ప్రూస్ వేసింది. వెళ్ళి ఆవిడకే ఇవ్వు" అన్నారు.

ఆ అర బకెట్ ఇప్పుడు నా ట్రక్కులో ఉంది. ఏం చేయమంటారో రాయండి.

గోడ కట్టే కాగితం మీద సంతకం అడిగాను. "ఇప్పుడెందుకురా, బంగాళాదుంపల కోత అయ్యాక చూద్దాం" అన్నారు. మీరైనా సంతకం పెడితే, అది చూపించి ఆవిడను ఒప్పిస్తాను.

రేనాల్డ్

తా.క. పనికి ముందు మా ఆవిడతో, "ఈ ఉద్యోగంలో ఎత్తు ఒక్కటే ప్రమాదం" అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకున్నాను.


హాలోవే ప్లెయిన్స్
సెప్టెంబరు 1, 1979

చిరంజీవి రేనాల్డ్‌కు.

స్ప్రూస్ వేసిన మాట నిజమే. మార్చి 20 నుంచి 23 వరకు, పదకొండు కట్టెలు. నా పుస్తకంలో రాసి ఉంది. మా ఇంట్లో ఏ కట్టె కాలిందో ఆమెకు ఎలా తెలిసిందో ఆమెనే అడుగు. అయినా పదకొండు కట్టెలకు అర బకెట్ మసి రాదు. పావు బకెట్ వస్తుంది. పావు నాకు తెచ్చి ఇవ్వు. పావు ఆమెకు ఇవ్వు.

నా కట్టెల సంగతి పట్టించుకునే బదులు తన దగ్గు సంగతి చూసుకోమను. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తెల్లవారుజామున ఐదూ పదికి మొదలవుతుంది. డిసెంబరులో సగటున తొమ్మిది నిమిషాలు. ఫిబ్రవరిలో ఇరవై. వేసవిలో లేదు. డాక్టరుకు చూపించుకోమని నువ్వే నీ మాటగా చెప్పు. నేనన్నానని అనకు.

ఇక గోడ. ఆ పొగగొట్టం 1911లో కట్టింది. ఈ కాలం ఇటుక వేస్తే నాకు నచ్చదు. ఆనాటి ఇటుకలు దొరికితే చూద్దాం. దొరక్కపోతే నీ తప్పు కాదు.

ఆల్మైరా గ్రాండెల్

తా.క. లోపల ఇటుక ఎవరికి కనిపిస్తుందని నువ్వు అడుగుతావు. దేవుడికి కనిపిస్తుంది.


సెయింట్ ఆరెల్
సెప్టెంబరు 8, 1979

టీచర్ గారికి నమస్కారాలు.

ఇటుకలు దొరికాయి. నది ఒడ్డున బంగాళాదుంప గంజి ఫ్యాక్టరీ పాతది ఒకటి పడగొడుతున్నారు. దాని పునాదిరాయి మీద 1911 అని చెక్కి ఉంది. అక్కడి నుంచి ముప్పై ఇటుకలు తెచ్చి, పాత గార గీకి, కడిగి ఉంచాను. దేవుడు చూసినా తేడా కనిపెట్టలేడు.

పావు బకెట్ మీ వరండాలో, పావు బకెట్ తిర్జా గారి వరండాలో పెట్టాను. దగ్గు మాట నా మాటగానే చెప్పాను. ఆవిడ నా ముఖంలోకి చూసి, "నాకు దగ్గు ఉందని నీకెవరు చెప్పార్రా?" అన్నారు. మసి పని చేసేవాళ్ళకు ఇలాంటివి తెలుస్తాయండి అన్నాను.

తరవాత ఆవిడ నన్ను కూర్చోబెట్టి రెండు డోనట్లు ఇచ్చి, "అక్క మోకాలికి ఏం రాసుకుంటోంది? మంగళవారం మెట్లెక్కుతూ నాలుగో మెట్టు దగ్గర ఆగిపోయింది. చాలాసేపు ఆగింది" అన్నారు.

టీచర్ గారూ, నాకు ఒక అనుమానం. మీకు ఆవిడ దగ్గు నిమిషాలతో సహా తెలుసు. ఆవిడకు మీ మెట్లు వరసతో సహా తెలుసు. మీ మధ్య మాటల్లేవు. అంటే ఎవరో ఇటువి అటూ అటువి ఇటూ మోస్తున్నారన్నమాట. పోస్టాఫీసులో ఉండే ఆవిడే అయి ఉంటుంది. ఆవిడకు మా అమ్మ ద్వారా గట్టిగా చెప్పించాను. ఇక మోయదు.

మీరు సంతకం పెట్టకపోవడానికి అసలు కారణం కూడా నాకు తెలిసిపోయింది. ఏడో తరగతిలో నాకు లెక్కల్లో వచ్చిన మార్కులు మీరు మరచిపోలేదు. అందుకే గార పాళ్ళు, ఇటుకల కొలత, పొగ ఎక్కే వేగం అన్నీ వరసగా లెక్క వేసి జతచేశాను. దయచేసి సరిచూడండి.

రేనాల్డ్

తా.క. పోస్టాఫీసు ఆవిడ ఏడ్చారట. కొంచెం గట్టిగానే చెప్పించానేమో.


హాలోవే ప్లెయిన్స్
సెప్టెంబరు 12, 1979

చిరంజీవి రేనాల్డ్‌కు.

పోస్టాఫీసు ఆవిడకు ఏ పాపమూ తెలియదు. వెంటనే వెళ్ళి క్షమాపణ చెప్పు. ఏదైనా తినడానికి పట్టుకెళ్ళు. నేనూ ఆపిళ్ళు పెట్టి కాల్చిన తీపి రొట్టె ఒకటి పంపాను. ఎందుకు పంపానో ఆమెకు అర్థం కాలేదు. నేను చెప్పలేదు.

నీ లెక్క చూశాను. పదికి తొమ్మిది. గార పాళ్ళ దగ్గర ఒక మెట్టు వదిలేసి జవాబు రాశావు. జవాబు సరైనదే, కాని మెట్టు వదిలేయకూడదని ఎన్నిసార్లు చెప్పాను. నీ పనితనం మీద నాకు అనుమానం లేదు, ఎప్పుడూ లేదు. నువ్వు చదువులో మందకొడివి కాదు, చూపు పక్కకు పోయేది, అంతే.

పదిహేడో తేదీ నుంచి మూడు వారాలు కోత సెలవులు. నీ పిల్లలు ముగ్గురూ పొలంలో బంగాళాదుంపలు ఏరాలి, నువ్వు పీపాలు మోయాలి. ఊరంతా పొలంలో ఉంటుంది. అలాంటప్పుడు నిన్ను పిలవడం న్యాయం కాదు. కోత అయ్యాక చూద్దాం.

నిన్న ఉదయం వెనక వరండాలో తొట్టి నీళ్ళ మీద పలచగా మంచు కట్టింది. రెండు స్వెట్టర్లు వేసుకుంటున్నాను. ఇంకొకటి ఉంది.

ఆల్మైరా గ్రాండెల్

తా.క. మోకాలికి కర్పూరం తైలం రాస్తున్నాను. అడిగితే చెప్పు. అడగకపోతే చెప్పకు. ఎలాగూ అడుగుతుంది.


సెయింట్ ఆరెల్
సెప్టెంబరు 24, 1979

టీచర్ గారికి నమస్కారాలు.

పొలంలో మధ్యాహ్నం తిండికి ఆగినప్పుడు ఈ ఉత్తరం రాస్తున్నాను. కాగితం మీద మట్టి ఉంటే క్షమించాలి.

తొమ్మిది మార్కులు చూసి మా ఆవిడ ఆ కాగితం వంటింట్లో తగిలించింది. నా మీద అనుమానం లేదని రాశారు కాబట్టి, మీ ఇబ్బంది నేననుకున్నది కాదని తెలిసింది. బాగా ఆలోచించాను. తిర్జా గారి సంతకం ఉన్న కాగితం మీద మీ సంతకం పెట్టడం మీకు ఇష్టం లేదు. అంతేగా? ఆ మాట నోటితో చెప్పలేక ఇటుకలూ కోతలూ అంటున్నారు.

దీనికి మంచి ఉపాయం దొరికింది. అడ్డుగోడ జోలికి వెళ్ళనక్కరలేదు. ఎవరి సంతకమూ అవసరం లేదు. మీ దారిలో పై నుంచి కింద దాకా ఒక ఉక్కు గొట్టం దించుతాను. చుట్టూ సందులు పూడ్చేస్తాను. ఒక్క రోజు పని. ఇక మీవైపు నుంచి అటు పొగ పోదు, గాలి పోదు, చప్పుడు కూడా పోదు. పక్కన మనిషి ఉన్నట్టే మీకు తెలియదు. పంతొమ్మిదేళ్ళుగా మీరు కోరుకుంటున్నదే ఇది.

శనివారం రమ్మంటారా?

రేనాల్డ్

తా.క. మోకాలి సంగతి ఆవిడ అడిగారు. చెప్పాను. "కర్పూరం తైలమా, అందుకా ఆ వాసన" అన్నారు.


హాలోవే ప్లెయిన్స్
సెప్టెంబరు 26, 1979

రేనాల్డ్‌కు.

గొట్టం వద్దు.

ఆల్మైరా గ్రాండెల్

తా.క. కారణం అడగవద్దు. మూడో స్వెట్టరు వేసుకున్నాను.


సెయింట్ ఆరెల్
అక్టోబరు 5, 1979

టీచర్ గారికి.

మీ ఉత్తరం చూసి మనసు కష్టపెట్టుకున్నాను. ఈ ఏడాది ఎన్నో ఇళ్ళ పని చేశాను. ఎవరూ ఇలా అనలేదు. ఆ విషయం వదిలేస్తాను. మీరు కోపగించుకున్నా ఇప్పుడు ఒకటి రాయక తప్పదు.

తిర్జా గారికి కూడా ఉక్కు గొట్టం సంగతి చెబుదామని నిన్న వెళ్ళాను. ఆవిడా వద్దన్నారు. మీకంటే ఎక్కువ మాటల్లో అన్నారు. పైకి వెళ్ళి ఒకసారి కొలతలు తీసుకుంటానంటే అడ్డుపడ్డారు. "పైన గది సర్దలేదురా" అన్నారు. అయినా వెళ్ళాను.

ఆగస్టులో గుమ్మంలోంచి చూసినప్పుడు ఉన్న పడవ బొమ్మ రేకు మూత ఇప్పుడు కంతకు లేదు. తీసి కుర్చీ మీద పెట్టి ఉంది. మంచం ఆ కంత పక్కకే జరిపి ఉంది, తలగడ కంతవైపు. ఆ పైన గోడకాగితం మూరెడు వెడల్పున నల్లబడింది. ఒక్క రోజులో అయ్యే నలుపు కాదు, ఏళ్ళుగా పట్టింది.

"మూత తీసి పడుకుంటారా?" అని అడిగాను.

"గాలి కోసం" అన్నారు.

"పొగగొట్టంలోంచి గాలేంటండీ?"

"నీకెందుకురా, నీ కొలతలు చూసుకో" అన్నారు.

నేను ఇప్పుడు రాసేది పని తెలిసినవాడిగా రాస్తున్నాను, మీ దగ్గర చదువుకున్నవాడిగా కాదు. రాత్రి మీరు పొయ్యికి గాలి తగ్గించి మూసి పడుకుంటారు. ఆ నెమ్మది పొగ పైకి పోయే బలం లేక, ఆ సందులోంచి ఆమె దారిలోకి, అక్కడి నుంచి మూత లేని కంతలోంచి ఆమె తలగడ మీదకి వస్తుంది. మీరు రాసిన ఇరవై నిమిషాల దగ్గు అదే. వేసవిలో ఎందుకు లేదంటే వేసవిలో మీ పొయ్యి వెలగదు. ఆ పొగలో రంగూ వాసనా లేని విషం కూడా ఉంటుంది. ఒక చలి రాత్రి గాలి ఎదురు తిరిగితే ఆవిడ దగ్గకుండానే పోతారు.

సంతకం పెట్టండి.

రేనాల్డ్

తా.క. లేదు.


హాలోవే ప్లెయిన్స్
అక్టోబరు 6, 1979

చిరంజీవి రేనాల్డ్‌కు.

ఉత్తరం పది గంటలకు అందింది. సంతకం చేసిన కాగితం జతచేశాను. పదీ ఐదుకు చేశాను. సోమవారం ఉదయం ఏడు గంటలకు మొదలుపెట్టు. ఎంత దట్టంగా కట్టగలవో అంత దట్టంగా కట్టు.

ఆ పొగ నాదేనని ఆగస్టులోనే ఎందుకు రాయలేదు? పొగ ఇటు అటు పోతుందని రాశావు. ఎవరి తలగడ మీదకి పోతుందో రాయలేదు. ఆమె దగ్గును ఐదు చలికాలాలు నిమిషాలతో సహా రాసుకున్నాను. పక్క పేజీలోనే నా పొయ్యి మూసిన వేళలు రాసి ఉన్నాయి. రెండు పేజీలూ ఎప్పుడూ కలిపి చదవలేదు. పిల్లలకు ముప్పై ఎనిమిదేళ్ళు లెక్కలు చెప్పినదాన్ని.

తిర్జా సంతకం గురించి బతిమాలవద్దు. నేను చేసిన సంతకం చూపించి ఊరుకో. నేను పెట్టిన చోట తానూ పెట్టకుండా ఉండడం ఆమెకు చిన్నప్పటి నుంచీ చేతకాదు.

ఆల్మైరా గ్రాండెల్

తా.క. గంజి ఫ్యాక్టరీ ఇటుకలే వేయి. బాగానే ఉన్నాయి. మొన్న నువ్వు తిర్జా దగ్గరికి వచ్చినప్పుడు నీ ట్రక్కులో చూశాను.


సెయింట్ ఆరెల్
అక్టోబరు 12, 1979

పూజ్యులైన టీచర్ గారికి నమస్కారాలు.

మీరన్నట్టే జరిగింది. తిర్జా గారు మీ సంతకం చూసి, కళ్ళద్దాలు పెట్టుకుని మళ్ళీ చూసి, కింద తన సంతకం చేశారు. మీ సంతకం కంటే కొంచెం పెద్దదిగా చేశారు.

గోడ మూడొంతులు పూర్తయింది. మిగిలింది రేపు శనివారం చేస్తాను. అది ఆరాలి, మరో వారం ఆగి పొయ్యి వెలిగించుకోవచ్చు. అప్పుడు నేను ధ్రువపత్రం ఇవ్వాలి. అందులో "నష్టానికి కారణం" అని ఒక గడి ఉంది. గడి ఖాళీగా వదలడం అబద్ధం చెప్పడంతో సమానమని మీరే నేర్పారు. కాబట్టి తిర్జా గారు వద్దన్నా రాస్తున్నాను.

అవి పడిపోయిన ఇటుకలు కావు. చుట్టూ ఉన్న గార మీద ఉలి గాట్లు ఉన్నాయి. పనిముట్టు పెట్టుకోవడానికి ఆవిడ గది అలమార తెరిస్తే, టోపీల పెట్టెలో నాలుగు ఇటుకలు కనిపించాయి. కాగితంలో చుట్టి, వరసగా పేర్చి ఉన్నాయి.

ఆవిడ మంచం మీద కూర్చున్నారు. నేను అడగకుండానే ఆవిడే చెప్పారు.

"డెబ్భై ఒకటిలో బావ పోయాడు కదా. ఆ చలికాలం అక్క ఒక్కతే. పొద్దున లేచిందో లేదో నాకెలా తెలుస్తుంది? తలుపు తట్టలేనుగా. కంతలోంచి చెయ్యి పెట్టి వంటింటి సొరుగులో ఉన్న ఉలితో తీశాను. నాలుగు తీసేసరికి ఆవిడ చెప్పుల చప్పుడు వినిపించింది. అప్పుడు ఆపేశాను."

"మరి మిగతా మూడు?"

"అవి వాటంతటవే పడ్డాయి. పాత గోడ కదరా."

కాని ఆ మూడింటి చుట్టూ కూడా ఉలి గాట్లున్నాయి. వాటి ముక్కలు ఎక్కడా దొరకలేదు. ధ్రువపత్రంలో "నాలుగు ఇటుకలు ఇంటివారు తీశారు, మూడు ఎలా పోయాయో తెలియదు" అని రాస్తున్నాను. ఇంతకంటే సరైన మాట మీకు తోస్తే చెప్పండి.

విధేయుడు
రేనాల్డ్

తా.క. ఆవిడను కోప్పడకండి. అది ఇటుకలు తీసిన నేరమే గాని, అలాంటి నేరం మా ఇంటి గోడకు ఎవరైనా చేస్తే బాగుండుననిపించింది.


హాలోవే ప్లెయిన్స్
అక్టోబరు 14, 1979

చిరంజీవి రేనాల్డ్‌కు ఆశీస్సులు.

ధ్రువపత్రంలో "తెలియదు" అని రాయవద్దు. తెలుసు. దిద్దుకో.

తిర్జా తీసినవి నాలుగు. నేను తీసినవి మూడు. 1972 మార్చి 9న ఒకటి, 11న రెండు. గులాబీల మూత తుడవడానికి తీస్తే, లోపల నాలుగు ఇటుకల సందు కనిపించింది. అవి వాటంతటవే పడ్డాయనుకున్నాను. పాత గోడ కదా అని నేనూ అనుకున్నాను. ఆ సందులోంచి తిర్జా తనలో తాను మాట్లాడుకుంటూ రొట్టె కాల్చుకోవడం వినిపించింది. మాటలు సగమే తెలిశాయి. అందుకని ఇంకో మూడు తీశాను. అప్పటి నుంచి మొత్తం తెలిశాయి.

నేను తీసిన మూడూ పారేయలేదు. చలికాలంలో పొయ్యి మీద వేడిచేసి, ఫ్లానెల్ గుడ్డలో చుట్టి, కాళ్ళ దగ్గర పెట్టుకుని పడుకుంటున్నాను. అవి ఎక్కడివని మనవరాళ్ళు అడిగితే కొన్నానని చెప్పాను. నా జీవితంలో పిల్లలకు చెప్పిన అబద్ధం అదొక్కటే.

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం వచ్చింది. చదివి, ఆ మూడు ఇటుకలు ఏప్రనులో వేసుకుని బయలుదేరాను. నా ముందు తలుపు నుంచి ఆమె ముందు తలుపుకు పదకొండు అడుగులు. మోకాలి వల్ల పద్నాలుగు పట్టాయి. తలుపు తట్టాను.

తిర్జా తీసింది. నా ముఖం చూడలేదు, ఏప్రను చూసింది.

"అవి పడిపోయాయనుకున్నాను" అంది.

"నీ నాలుగూ పడిపోయాయని నేనూ అనుకున్నాను" అన్నాను.

"అయితే ఎనిమిదేళ్ళు నేను నిన్ను వింటుంటే, నువ్వు నన్ను వింటున్నావా?"

"ఏడున్నర" అన్నాను.

తలుపు ఇంకొంచెం తెరిచింది. తరవాత, "లోపలికి రా అక్కా, చలి వస్తోంది" అంది. మూడు ఇటుకలూ ఆమె బల్ల మీద పెట్టాను. కరెంటు పొయ్యి మీద టీ పెట్టింది. మాట్లాడడం మొదలుపెడితే ఇద్దరికీ కొత్త సంగతి ఒక్కటీ లేదు. ఆమె ఏది చెప్పబోయినా నాకు తెలిసిందే. నేనేది చెప్పబోయినా ఆమెకు తెలిసిందే. అందుకని తెలిసినవే మళ్ళీ చెప్పుకున్నాం. సాయంత్రం ఆరున్నర అయింది.

పొయ్యి వెలిగే రోజు నుంచి ఉదయం టీ ఒక రోజు ఇక్కడ, ఒక రోజు అక్కడ. ఎవరు లేచారో తెలుసుకోవడానికి ఇక గోడ అక్కరలేదు. ఆ ఏడు పాత ఇటుకలూ నీకివ్వం. నాలుగు ఆమె దగ్గర, మూడు నా దగ్గర ఉంటాయి. నువ్వు కట్టిన గోడ బాగుందని తిర్జా అంది. నేనూ మేడ ఎక్కి చెవి పెట్టి చూశాను. ఏమీ వినిపించలేదు. పదికి పది.

నీ మేలు కోరే
ఆల్మైరా గ్రాండెల్

తా.క. ధ్రువపత్రం ఇవ్వడానికి వచ్చినప్పుడు మా గదివైపు ఇంకో పూత గార వేయి. తెల్లవారుజామున నేను పాడుకునే కీర్తన ఎనిమిదేళ్ళుగా మూడో చరణం దగ్గర శ్రుతి తప్పుతోందట. చెప్పాలంటే మాట్లాడాల్సి వస్తుందని ఇన్నాళ్ళూ భరించిందట. నిన్న టీ అయ్యాక మొదట చెప్పిన మాట అదే.